ఎవరి కోసం ఈ పరిశోధన? – డెల్టా పంచాయతీ, విశ్వవిద్యాలయం, రచయిత

స్థానిక పాలన మీద విశ్వవిద్యాలయాలలో జరిగే పరిశోధనను సాహిత్య విమర్శ పత్రికలో చర్చకు పెట్టడం కొందరికి వింతగా తోచవచ్చు. అది రాజనీతి శాస్త్రజ్ఞుల వ్యవహారం, మనకెందుకని అడగవచ్చు. కాని ఆ పరిశోధనకు వస్తువు గ్రామం. మన కథకూ నవలకూ కూడా చాలాకాలంగా వస్తువు గ్రామమే. పరిశోధకుడూ రచయితా ఒకే పంచాయతీ కార్యాలయం అరుగు మీద కూర్చుని, ఒకే సర్పంచిని, ఒకే కౌలుదారును, ఒకే కూలిమనిషిని చూసి రాస్తున్నారు. ఒకరికి కనిపించినది రెండోవారికి కనిపించడం లేదంటే ఆ లోపం చూపులో ఉందా, కూర్చున్న చోటులో ఉందా అని తేల్చుకోవలసిన అవసరం ఇద్దరికీ ఉంది.

గోదావరి డెల్టాలో ఈ అవసరం మరీ ఎక్కువ. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట తర్వాత ఇక్కడి రైతుకు ఒంటరిగా వ్యవసాయం చేసుకునే వీలు లేకుండా పోయింది. లాకు ఎప్పుడు ఎత్తుతారు, బోదెలో పూడిక ఎవరు తీస్తారు, ఎగువవాడు గండి కొడితే శివారు చేనుకు దిక్కెవరు, వాన ముంచినప్పుడు మురుగు ఎటు పోవాలి, వీటిలో ఏదీ ఒక ఇంటి నిర్ణయం కాదు. ఊళ్లో ఎవరి మాట చెల్లుతుందన్న దాన్ని బట్టి పంట ఇంటికి రావడమో, నీళ్లపాలు కావడమో జరుగుతుంది. అందుచేత స్థానిక నాయకత్వాన్ని గురించిన శాస్త్రం మన డెల్టాలో తిండిగింజలకు సంబంధించిన శాస్త్రం. ఆ శాస్త్రం ఎవరి కోసం తయారవుతున్నదన్నదే ఈ వ్యాసం అడగదలచిన ప్రశ్న.

1. సిద్ధాంత వ్యాసపు అచ్చు

స్థానిక సంస్థల మీద వచ్చే సిద్ధాంత వ్యాసాలకు ఒక స్థిరమైన అచ్చు ఏర్పడిపోయింది. మొదటి అధ్యాయం వేదకాలపు సభ, సమితులతో మొదలవుతుంది. ఉత్తరమేరూరు శాసనం దగ్గర కాసేపు ఆగుతుంది. భారత గ్రామాలు చిన్న చిన్న గణతంత్రాలని 1830లో చార్లెస్ మెట్‌కాఫ్ మెచ్చుకున్న మాటను గుర్తు చేస్తుంది. ఆ తర్వాత 1882 రిప్పన్ తీర్మానం, 1957 బల్వంతరాయ్ మెహతా సంఘం, 1978 అశోక్ మెహతా సంఘం నివేదిక, 73వ రాజ్యాంగ సవరణ బారులు తీరి వస్తాయి. రెండో అధ్యాయం జిల్లా నైసర్గిక స్వరూపం. మూడో అధ్యాయం నుంచి పట్టికలు: సర్పంచుల వయస్సు, విద్య, కులం, వృత్తి, భూమి. చివరి అధ్యాయం సూచనలు: శిక్షణ పెంచాలి, నిధులు పెంచాలి, ప్రజలలో అవగాహన పెంచాలి.

ఈ అచ్చులో ఏ అబద్ధమూ లేదు. చిక్కంతా ఉదాహరణలను ఎవరూ నిలబెట్టి ప్రశ్నించకపోవడంలో ఉంది. ఉత్తరమేరూరు శాసనాన్నే చూడండి. పదో శతాబ్దపు చోళుల కాలంలో కుండలో ఓలలు వేసి సభ్యులను ఎన్నుకున్న పద్ధతిని అది వివరంగా చెబుతుంది. మన వ్యాసకర్తలు అక్కడికి ఆగుతారు. అదే శాసనం సభ్యుడికి ఉండవలసిన అర్హతలూ చెబుతుంది: పన్ను కట్టే భూమి పావు వేలి అయినా ఉండాలి, సొంత స్థలంలో ఇల్లుండాలి, వేదవిద్య తెలిసి ఉండాలి. అంటే ఆ కుండలో ఎవరి ఓల పడదో శాసనమే ముందుగా తేల్చింది. దున్నినవాడి పేరు అందులో లేదు. ప్రజాస్వామ్యానికి పుట్టినిల్లుగా మనం చూపుతున్న పత్రం భూమి గలవాడి సభకు రాసుకున్న నియమావళి.

మెట్‌కాఫ్ మాటకు ఇదే గతి పట్టింది. ఆ మెచ్చుకోలును 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ ప్రస్తావించి, గ్రామ గణతంత్రమన్న భావననే కాదన్నాడు. ఊరి వెలుపల బతికినవాడికి ఆ గణతంత్రం ఎలా కనిపిస్తుందో చెప్పాడు. మెట్‌కాఫ్‌ను ఉటంకించి అంబేద్కర్ ఖండనను వదిలేసిన వ్యాసకర్త చరిత్రలో సగాన్ని వదిలేసినట్టే.

ఇక పట్టికలు. వాటి విలువను తక్కువ చేయడం సబబు కాదు. ఉస్మానియాలో జి. రాంరెడ్డి వంటివారు పంచాయతీ వ్యవస్థను గట్టి అధ్యయన రంగంగా నిలబెట్టారు. లెక్కించకపోతే ఎన్ని చోట్ల స్త్రీలు ఎన్నికయ్యారో, ఎన్ని చోట్ల దళితులు కుర్చీ ఎక్కారో మనకు తెలిసేది కాదు. అయితే పట్టిక మనుషులను విడివిడిగా లెక్కిస్తుంది. సర్పంచికి పదెకరాలుందని ఒక గడి చెబుతుంది. వార్డు సభ్యుడికి భూమి లేదని ఇంకో గడి చెబుతుంది. ఆ వార్డు సభ్యుడు ఆ సర్పంచి దగ్గరే మక్తాకు చేస్తున్నాడన్న సంగతి ఏ గడిలోనూ పడదు. తీర్మానం మీద అతని వేలిముద్ర ఎందుకు పడిందో అర్థం కావాలంటే తెలియవలసింది ఆ ఒక్క సంగతే.

2. నాయకుడికి శిక్షణ, నాయకత్వానికి సెలవు

ఈ పరిశోధన ఏ అవసరంలో నుంచి పుట్టిందో చూస్తే దాని స్వభావం తెలుస్తుంది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలైంది. ఆ రోజుల్లోనే శ్యామీర్‌పేట మీద ఎస్.సి. దూబే రాసిన గ్రంథం 1955లో వచ్చి, తెలుగు గ్రామాన్ని ప్రపంచ సామాజిక శాస్త్రం ముందు నిలబెట్టింది. 1959లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీ సమితుల, జిల్లా పరిషత్తుల చట్టం అమలులోకి వచ్చింది. సమాజ వికాసం మీద అధ్యయనాలు చేసే జాతీయ సంస్థ ముస్సోరీ నుంచి హైదరాబాదుకు తరలివచ్చింది. మన జిల్లాలో సామర్లకోట శిక్షణ కేంద్రం తరతరాల గ్రామోద్యోగులకూ ప్రజాప్రతినిధులకూ బడి అయింది.

ఈ ఏర్పాటంతటికీ వెనుక ఉన్న ఊహ ఒక్కటే. ప్రభుత్వం మంచి పథకం పంపుతుంది, గ్రామంలో దాన్ని అందుకునే చెయ్యి కావాలి, ఆ చేతి పేరు నాయకుడు. కనుక నాయకుడికి చదువు చెబితే గ్రామం బాగుపడుతుంది. పరిశోధకుడి ప్రశ్న కూడా ఈ ఊహకు తగ్గట్టే తయారైంది: ‘నాయకుడికి ఏ లక్షణాలుండాలి?’ ‘ఎవరి మీద నాయకుడు?’ అన్న ప్రశ్నకు ప్రశ్నావళిలో చోటు దొరకలేదు.

చోటు దొరకని సంగతులు ఎలాంటివో రెండు చెప్పుకుందాం. ఆంధ్రప్రదేశ్‌లో 2006లో ఎన్నికైన పంచాయతీల గడువు 2011లో ముగిస్తే మళ్లీ ఎన్నికలు 2013లో జరిగాయి. వాటి గడువు 2018 ఆగస్టులో ముగిస్తే ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో గాని జరగలేదు. మధ్యకాలంలో ప్రత్యేకాధికారులు పాలించారు. ఎన్నికైన నాయకుడే లేని ఏళ్లను వదిలేసి, ఉన్న ఏళ్లలో నాయకుడికి అవగాహన చాలలేదని రాయడం ఏ శాస్త్రీయ పద్ధతి? 2019 అక్టోబరు 2న కాకినాడ దగ్గర కరపలో గ్రామ సచివాలయ వ్యవస్థ ప్రారంభమైంది. ఊరికి ఉద్యోగులు వచ్చారు. అయితే వారు తమ తమ శాఖల అధికారులకు జవాబు చెప్పుకుంటారు గాని సర్పంచికి కాదన్న విమర్శ అప్పుడే వచ్చింది. ఊరికి పాలన దగ్గరైనప్పుడు ఊరివాడి అధికారం పెరిగిందా, తరిగిందా? శిక్షణ తరగతుల సంఖ్యను బట్టి దీనికి జవాబు దొరకదు.

రెండోది, 2017లో పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో జరిగినది. ఊరి నడుమ చెరువు దగ్గర ఇతర నాయకుల విగ్రహాల సరసన దళితులు అంబేద్కర్ విగ్రహం నిలిపారు. రాత్రికి రాత్రి దాన్ని తొలగించారు. ఆ తగవు దళిత కుటుంబాల సాంఘిక బహిష్కారం దాకా పోయింది. పనులు ఆగాయి, కౌళ్లు పోయాయి. ఆ ఊళ్లో పంచాయతీ ఉంది, చట్టం ఉంది, రిజర్వేషన్లు ఉన్నాయి. కాని ఎవరికి పని ఇవ్వాలో, ఎవరికి చేను ఇవ్వాలో నిర్ణయించిన అధికారం ఏ చట్టంలోనూ రాసిలేదు. ఆ రాయని పంచాయతీ ఎక్కడ కూర్చుంటుంది, దానికి కోరం ఎంత, దాని తీర్మానాలు ఏ పుస్తకంలో ఎక్కుతాయి? నాయకత్వ శాస్త్రం జవాబు చెప్పవలసిన ప్రశ్నలు ఇవి.

3. మెరుగైన పరిశోధన ఏం చూసింది?

విద్యావేత్తలంతా ఒకే మూసలో పోయారనడం అన్యాయం. మద్రాసు విశ్వవిద్యాలయంలో భారత ఆర్థిక శాస్త్రానికి తొలి ఆచార్యుడైన గిల్బర్ట్ స్లేటర్ తన విద్యార్థులను ప్రశ్నావళులతో వారి ఊళ్లకు పంపి, వారు తెచ్చిన వివరాలతో 1918లో దక్షిణాది గ్రామాలపై గ్రంథం వెలువరించాడు. 1926లో ఎన్.జి. రంగా డెల్టా గ్రామాల ఆర్థిక వ్యవస్థ మీద పుస్తకం ప్రచురించాడు. 1990లో వచ్చిన ఎ. సత్యనారాయణ గ్రంథం బ్రిటిష్ పాలనలో ఆంధ్ర రైతాంగాన్ని, భూసంబంధాలను పరిశీలించింది. ఇవి పదవులను కాక బతుకును చూసిన పుస్తకాలు.

1988లో ఇంగ్లీషులో రెండు పుస్తకాలు వచ్చాయి, రెండూ తెలుగు గ్రామాల మీదవే. రాబర్ట్ వేడ్ కర్నూలు జిల్లాలో కాలువ కింది ఊళ్లను పరిశీలించాడు. కాలువ చివర, నీటికి నమ్మకం లేని ఊళ్లలో రైతులు చందాలు వేసుకుని నీరు కట్టేవాళ్లను, చేను కాసేవాళ్లను పెట్టుకోవడం చూశాడు. ఎగువన నీటికి కొదవ లేని ఊళ్లలో అలాంటి ఏర్పాటు అంతగా కనిపించలేదు. ఆ పనులు నడిపిన గ్రామసభ చట్టబద్ధమైన పంచాయతీకి వేరైనది. అధికారపు పేరు ఒక చోట, అధికారం ఇంకో చోట ఉండగలవని అతను లెక్కలతో నిరూపించాడు. మార్గరీట్ రాబిన్సన్ మెదక్ జిల్లా రాజకీయాల మీద రాసిన పుస్తకానికి మత్స్యన్యాయం పేరే పెట్టింది. పెద్ద చేప చిన్న చేపను మింగే ఊళ్లో ఓటు ఎప్పుడు, ఎలా పేదవాడి సొంతమవుతుందన్నది ఆమె పట్టించుకున్న సమస్య.

వేడ్ చూసినది కర్నూలు కాలువ. దాన్ని కోనసీమకు అలాగే అంటగట్టడం కుదరదు. కోనసీమలో నీటి కొరత కంటే మురుగు బాధ ఎక్కువ. మునిగిన చేను గలవాడు పై ఊరితో పోట్లాడాలి, డ్రైనేజీ అధికారి చుట్టూ తిరగాలి, మురుగుకాలువను మూసుకుపోయేలా చేసిన చెరువు యజమానిని ఎదిరించాలి. అయినా వేడ్ అడిగిన ప్రశ్న మనకు పనికొస్తుంది: ఊరిని నిజంగా నడిపే సభ ఏది, అందులో కూర్చున్నది ఎవరు?

డెల్టాలో ఆ ప్రశ్న వేస్తే మొదట ఎదురయ్యేది కౌలు. సాగులో పెద్ద భాగం కౌలుదారుల చేతిలో ఉంది, ఆ కౌలు చాలావరకు నోటిమాట. 1997లో సాగునీటి సంఘాల చట్టం వచ్చింది. 2011లోనూ 2019లోనూ కౌలుదారులకు గుర్తింపునిచ్చే చట్టాలు వచ్చాయి. 2019 చట్టం కింద కార్డు రావాలంటే భూయజమాని ఒప్పంద పత్రం రాసి ఇవ్వాలి. ఏ యజమానికి భయపడి కౌలుదారు తన పేరు బయటపెట్టడో, ఆ యజమాని సంతకమే అతని హక్కుకు ఆధారమైంది. ‘డెల్టా రైతు నాయకత్వం’ మీద పరిశోధన చేసేవాడు రికార్డులో ఉన్న రైతును కలిస్తే భూమి గలవాడు దొరుకుతాడు. చేలో ఉన్న రైతును కలిస్తే రికార్డులో లేనివాడు దొరుకుతాడు. నమూనా ఎంపిక దగ్గరే పరిశోధన ఒక పక్షం వహిస్తుంది.

ఈ మంచి పుస్తకాలకు కూడా ఒక లోపం ఉంది. అవి ఇంగ్లీషులో వచ్చాయి, పెద్ద గ్రంథాలయాల బీరువాలలోకి చేరాయి. వాటికి సమాచారం ఇచ్చిన నీరుకట్టేవాడికీ, కూలిమనిషికీ ఆ పుస్తకం చేతికందే దారి లేదు. పాలించేవాడికి పరిశోధన సారాంశం అందుతుంది. పాలితుడికి ప్రశ్నావళి మాత్రమే అందుతుంది.

4. రాజమండ్రి చూపిన దారి

ఈ రెండు పనులూ, అంటే ఆధారం సేకరించడం, అది జనం ముందు పెట్టడం, కలిపి చేసినవాడు మన ప్రాంతంలోనే ఉన్నాడు. 1874లో కందుకూరి వీరేశలింగం ‘వివేకవర్ధని’ ప్రారంభించాడు. సంఘ సంస్కర్తగా ఆయనకు కట్టిన కీర్తి కిరీటం కింద స్థానిక పాలనా విమర్శకుడు కనబడకుండా పోయాడు. రాజమండ్రి న్యాయస్థానాలలో లంచాలను, ఉద్యోగుల అక్రమాలను ఆ పత్రిక బయటపెట్టింది. ‘వ్యవహార ధర్మబోధిని’ ప్రహసనంలో ప్లీడర్ల వ్యాపారం రంగస్థలం ఎక్కింది.

ప్రహసనాన్ని మనం సాధారణంగా హాస్య రచనగా చదివి ఊరుకుంటాం. నిజానికి అది ఒక పరిశోధన పద్ధతి కూడా. కచేరీలో పని ఏ మెట్టు నుంచి ఏ మెట్టుకు నడుస్తుంది, ప్రతి మెట్టు దగ్గర ఎవరి చెయ్యి చాస్తుంది, కక్షిదారు దగ్గర ఎవరు ఏ భాషలో మాట్లాడతారు, ఇదంతా తెలియనివాడు ప్రహసనం రాయలేడు. పాత్రలకు వారి వారి మాటను ఇచ్చినప్పుడు అధికారం భాషలో ఎలా పంపకమవుతుందో ప్రేక్షకుడు తన చెవితో విన్నాడు. పట్టికలో పట్టని సంబంధం సంభాషణలో పట్టింది.

అయితే వీరేశలింగం చూపుకు హద్దు ఉంది. అది పట్నపు చదువరి చూపు. 1884 మద్రాసు చట్టాల కింద స్థానిక సంఘాలలో ఓటు పన్ను కట్టేవాడిది. వయోజనులందరికీ పంచాయతీ ఓటు 1950 మద్రాసు గ్రామ పంచాయతీల చట్టంతో గాని రాలేదు. ఆ మధ్యకాలపు ‘స్వపరిపాలన’లో ‘స్వ’ ఎవరన్న ప్రశ్నను రాజమండ్రిలోనే ఇంకొక కవి వేశాడు. గరిమెళ్ల తెల్లదొరతనం వద్దన్న రోజుల్లోనే కుసుమ ధర్మన్న ‘మాకొద్దీ నల్లదొరతనము’ అన్నాడు. 1920 ప్రాంతంలో స్థానిక సంస్థల అధికారం భారతీయుల చేతికి వస్తున్నదని చదువరులు సంబరపడుతున్న వేళ, వస్తున్నది ఎవరి చేతికో చూసి చెప్పిన మాట అది. శీర్షిక ఒక్కటే స్థానిక పాలన చరిత్రను తిరగరాయమంటున్నది. పంచాయతీ రాజ్ చరిత్రకు రిప్పన్ తీర్మానాన్ని ఆధారంగా చూపేవారు ధర్మన్న పాటను కూడా ఆధారంగా చూపవలసి ఉంటుంది.

డెల్టా దాటి ఒక్క కథను ఇక్కడ తలచుకోక తప్పదు. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ 1966లో వెలువడింది. దాని ముగింపు మీద, సీతారాముడు తన కన్నబిడ్డను తానే నరకడం మీద మన పత్రికలలో చాలా చర్చ జరిగింది. ముగింపు మీద నిలిచిన చూపు కథ నడిమి భాగం మీద అంతగా నిలవలేదు. ఆ నడిమి భాగమంతా స్థానిక పాలనే. సుందరపాలెం పంచాయతీ ప్రెసిడెంటు శ్రీరాములునాయుడు దుర్మార్గుడు కాడు. ఊరి బాగు కోరినవాడు, నలుగురి మాట వినేవాడు, తొందరపడి తీర్పు చెప్పనివాడు. నేటి శిక్షణ కేంద్రాలు నాయకుడికి ఏ లక్షణాలుండాలంటాయో అవన్నీ ఆయనలో ఉన్నాయి. ధర్మమండపంలో విచారణ కూడా పద్ధతిగానే జరుగుతుంది. గోపన్నకు అప్పల్రాముడు బాకీ ఉన్న మాట నిజమే. అన్నీ సక్రమంగా జరిగి, అప్పల్రాముడి కుటుంబం బానిసత్వం అంచుకు చేరుతుంది.

కథ బలమంతా ఇక్కడుంది. నాయకుడు చెడ్డవాడైతే నాయకుణ్ని మార్చి సరిపెట్టుకోవచ్చు, శిక్షణ ఇచ్చి సరిపెట్టుకోవచ్చు. నాయకుడు మంచివాడై, విధానం సక్రమమై, ఊరు అభివృద్ధి చెందుతూ ఉండగానే ఒక కుటుంబం నాశనమైతే తప్పు ఎక్కడ వెతకాలి? నాయకత్వ పరిశోధన ఈనాటికీ దాటలేని ప్రశ్నను కారా మాస్టారు ఒక పంచాయతీ తీర్పులో పెట్టాడు. స్థానిక పాలన మీద పరిశోధన చేసే విద్యార్థి చదవవలసిన గ్రంథాలలో ‘యజ్ఞం’ ముందు వరుసలో ఉండాలి.

5. రచయితల వంతు

విమర్శ విద్యావేత్తల దగ్గరే ఆగితే అది మనల్ని మనం మెచ్చుకోవడమే అవుతుంది. ‘యజ్ఞం’ తర్వాత మన కథలలో సర్పంచి ఏమయ్యాడు? చాలా కథలలో తెల్ల చొక్కా, మోటారు సైకిలు, సారా సీసాల సరఫరా ఇచ్చి విలన్‌ను చేశాం. అతను దేనితో బతుకుతున్నాడో, ఎవరికి భయపడుతున్నాడో, బిల్లు ఎక్కడ ఆగిందో రాయలేదు. పంచాయతీ ఆదాయం ఇంటిపన్నుతో, చేపల చెరువు పాటతో, రేవు పాటతో ముడిపడి ఉంటుంది. చెరువు పాట జరిగే రోజు ఒక నవలకు సరిపడా వస్తువు: ఎవరు పాడాలో ముందు రాత్రి ఎవరి ఇంట్లో తేలింది, పోటీ రాకుండా ఎవరికి ఎంత ముట్టింది, ఆ చెరువు మీద బతికే బెస్తవాడు ఎక్కడ నిలబడ్డాడు. ఈ వస్తువును మనం ముట్టుకున్నది తక్కువ.

స్త్రీ సర్పంచి విషయం ఇంకా విచారకరం. 2011లో రాష్ట్రం స్థానిక సంస్థలలో సగం స్థానాలు స్త్రీలకు కేటాయించింది. 2013లో, 2021లో ఆ ప్రకారం ఎన్నికలు జరిగాయి. పరిశోధకుడు ఆమెను ‘భర్త చాటు నాయకురాలు’ అని వర్గీకరించాడు. మన కథకుడూ అదే హాస్యాన్ని కాస్త పెంచి రాశాడు. సంతకం నేర్చుకుని, మొదటి సమావేశానికి వెళ్లి, తన కుర్చీలో కూర్చున్న మగవాడిని లేపలేక పక్కన నిలబడిన స్త్రీ, రెండో ఏడాదికి బోరింగు ఏ పేటలో వేయాలో తానే తేల్చిన స్త్రీ, ఈ రెండింటి మధ్య ఆమె నడిచిన దూరం పట్టికలోనూ లేదు, కథలోనూ లేదు.

బోయి భీమన్న ‘పాలేరు’ నాటకంలో పాలేరు చదువు దారిన పైకి వస్తాడు. ఆ రోజుల్లో అది విప్లవమే. విముక్తి బడి గుండా, ఉద్యోగం గుండా వస్తుందన్న ఆశ డెల్టా దళితవాడలను నిలబెట్టింది. ఊరి పంచాయతీ గుండా కూడా అది వస్తుందా అన్న ప్రశ్నకు సరితూగే రచన ఇంకా రావలసి ఉంది. పంచాయతీలో కుర్చీ దొరికి, చేనులో కౌలు పోయినవాడి కథ రాయగలిగితే ఆ ప్రశ్న మొదలవుతుంది.

6. సాహిత్య విద్యార్థికి ఒక పని

ఇప్పుడు ఆచరణకు వద్దాం. సిడ్నీ వెబ్, బియాట్రిస్ వెబ్ దంపతులు ఇంగ్లండ్ స్థానిక పాలన చరిత్రను 1906 నుంచి 1929 దాకా సంపుటాలుగా వెలువరించారు. పాత పారిష్ సభల మినిట్సు పుస్తకాలను ఊరూరా తిరిగి చదివారు. మన జిల్లాలలో ప్రతి పంచాయతీకి తీర్మానాల పుస్తకం ఉంది. దాన్ని రాజనీతి విద్యార్థి సమాచారం కోసం చదువుతాడు. భాష కోసం చదవవలసినవాడు సాహిత్య విద్యార్థి.

చదివితే ఏం కనిపిస్తుంది? ‘తీర్మానించడమైనది’, ‘ఆమోదించడమైనది’, ‘మంజూరు చేయడమైనది’. ఈ వాక్యాలకు కర్త లేడు. ఎవరు ప్రతిపాదించారు, ఎవరు అడ్డు చెప్పారు, ఎవరు నోరు మెదపలేదు, అంతా ఆ ‘డమైనది’లో కరిగిపోయింది. వ్యాకరణ పాఠంలో చెప్పుకున్న కర్తృలోపం ఊరి పాలనలో పనిముట్టయింది. ‘ఏకగ్రీవం’ అన్న మాట చూడండి. అందరికీ ఒకే మెడ అని దాని అర్థం. ఎన్నికే లేకుండా పదవి ‘ఏకగ్రీవం’ అయిన ఊళ్లో మిగతా మెడలు ఏమయ్యాయని అడగడం పదార్థ విచారమే గదా. ‘లబ్ధిదారు’ ఇంకో మాట. ఇల్లూ పింఛనూ చట్టం వల్ల వచ్చిన హక్కు అయినప్పుడు, దాన్ని పొందినవాణ్ని లాభం పొందినవాడని పిలవడంలోనే ఇచ్చే చెయ్యి పైన, పుచ్చుకునే చెయ్యి కింద ఉన్నాయి. పరిశోధన గ్రంథాలు ఈ మాటలను ప్రశ్నించకుండా పరిభాషగా స్వీకరించాయి. శాస్త్రం పాలకుడి మాటను అరువు తెచ్చుకున్నప్పుడు అతని చూపును కూడా వెంట తెచ్చుకుంటుంది.

పని ఎలా జరగవచ్చో కేరళ కొంత చూపింది. 1990ల తొలి సంవత్సరాలలో కల్యాశ్శేరి వంటి పంచాయతీలలో శాస్త్ర సాహిత్య పరిషత్తు కార్యకర్తలు ఊరివాళ్లతో కలిసి తమ ఊరి నేలను, నీటిని, వనరులను పటం గీసుకున్నారు. 1996లో మొదలైన ప్రజా ప్రణాళిక ఉద్యమంలో ఆ రాష్ట్రం తన ప్రణాళికా నిధులలో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు కేటాయించింది. అక్కడ అన్నీ సవ్యంగా జరిగాయని కాదు. కాని పరిశోధన చేసిన చేతులు ఊరివే కావడం, తేలిన విషయం ఊరి భాషలో ఊరికే అందడం మనం గమనించదగినవి. స్లేటర్ 1918 నాటికే విద్యార్థులను సొంత ఊళ్లకు పంపాడు. ఆ విద్యార్థి తెచ్చిన లెక్కను తిరిగి ఊళ్లో చదివి వినిపించే మెట్టు మాత్రం మిగిలిపోయింది.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926 నాటిది. రాజమండ్రిలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం 2006లో ఏర్పడింది. డెల్టా కళాశాలలలో తెలుగు శాఖలున్నాయి, రాజనీతి శాఖలున్నాయి. ఒక శాఖ విద్యార్థి ఇంకో శాఖ గడప తొక్కడు. ఒక్క పంచాయతీని ఎంచుకుని, పదేళ్ల తీర్మానాలను ఒకరు లెక్క కోసం, ఒకరు భాష కోసం చదివి, ఆ తీర్మానాల వల్ల నీరు అందినవారినీ అందనివారినీ కలిసి, తేలినది తెలుగులో రాసి, ఆ ఊరి గ్రామసభలో చదివి వినిపించడానికి పెద్ద నిధులు అక్కరలేదు. ఆ సభలో ఎవరు లేచి కాదంటారో, ఎవరు తల వంచుకుంటారో, ఎవరు మొదటిసారి నోరు విప్పుతారో గమనించడానికి కథకుడొకడు పక్కన ఉంటే చాలు.

పరిశోధనను వద్దనడం మన ఉద్దేశం కాదు. అప్పల్రాముడి వంటివాడికి కూడా లెక్క కావాలి; అతని అప్పు పద్దు ఇన్నాళ్లూ అవతలివాడి చేతిలోనే ఉంది. నాయకుణ్ని మెరుగుపరచడానికి జరిగే పరిశోధన జరగనివ్వండి. దాని పక్కన, నాయకుణ్ని నిలదీయడానికి పనికివచ్చే పరిశోధన కూడా జరగాలి. దానికి ప్రశ్నలు సమకూర్చే పని రచయితలది, విమర్శకులది, సాహిత్య విద్యార్థులది. పత్రికతో, ప్రహసనంతో రాజమండ్రిలో ఆ పని నూటయాభై ఏళ్ల కింద మొదలైంది. దాన్ని పట్నపు కచేరీ నుంచి కాలువ శివారు దాకా తీసుకుపోవలసిన బాధ్యత మన తరం మీద ఉంది.